రంగు మారని నీళ్ళు

పోయిన వారం కథ ఆపేసరికి అన్నయ్య ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ముక్కూ నోరూ మూసేలా ఆక్సిజన్ తొడుగు, చేతికి సెలైన్ గొట్టం. ఊపిరితిత్తుల్లో నిమ్ము అన్నారు డాక్టర్లు. మందులు మార్చారు, మళ్ళీ మార్చారు. జ్వరమూ దిగలేదు, ఆయాసమూ తగ్గలేదు. నోరంతా ఇనుము నాకినట్టుందని అన్నయ్య మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు. జ్వరం నోరు అలాగే ఉంటుందిలే అని అందరం కొట్టిపారేశాం. నేను వెళ్ళడానికి లేస్తుంటే తొడుగు పక్కకి లాగి, "ఇంటి వైపు వెళ్ళకే. నీళ్ళ సంగతి మీ వదిన చూసుకుంటోంది" అన్నాడు.

మా వదినా? నీళ్ళ సంగతా? ముందు గదిలోని చేపల తొట్టి పక్కనుంచి నడవాల్సొస్తే ముక్కు మూసుకుని గోడకి అంటుకుపోయే మనిషి! ఎక్కడో తేడా కొట్టింది. ఆస్పత్రి మెట్లు దిగి నేరుగా అన్నయ్య ఇంటికే వెళ్ళాను. వెళ్ళొద్దంటే నేను ఆగిందెప్పుడు?

ఈ కథలోకి ఇవాళే వచ్చిన వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. నాది చేపల తొట్లు పెట్టే పని. హోటళ్ళలో, దుకాణాల్లో, పళ్ళ డాక్టరు దగ్గర భయంగా కూర్చున్న జనం చూస్తుండే ఆ అద్దాల తొట్లు చాలావరకు నేను నిలబెట్టినవే. నాకు సొంతానికి ఉన్నది మాత్రం ఒక్కటే చేప. నారింజ రంగు ఒళ్ళు, తెల్ల పట్టీలు, ఎవరొచ్చినా పక్కకి జరగని దర్జా. అందుకని దానికి దొరగారని పేరు. నాన్న పోతూ అన్నయ్యకీ నాకూ కలిపి వదిలిన ఆస్తి ఆ దొరగారే. నా గదిలో ఉన్న పాత తొట్టి అతుకు ఊడి కారుతుంటే ఇంటివాడు గోల పెట్టాడు. "మా ముందు గదిలో కొత్తది పెట్టుకుందాంలే" అన్నాడు అన్నయ్య. లిఫ్టులు బాగుచేసే పనిలో మోకాలు పోగొట్టుకుని ఇంటిపట్టున ఉంటున్నాడు. ఆయనకీ కాస్త కాలక్షేపం కావాలి.

వదినకి ఇష్టం లేదు. ఇష్టం లేని సంగతి ఆవిడ నోటితో చెప్పదు, గిన్నెలతో చెబుతుంది. ఆస్పత్రిలో ఆపరేషన్ సామాన్లన్నీ ఆవిరి పెట్టెలో పెట్టి శుద్ధి చేసే విభాగానికి ఆవిడే పెద్ద. ఇంట్లోనూ అదే రాజ్యం. చెంచా కింద పడితే మరిగే నీళ్ళు, పిల్ల బొమ్మ కింద పడితే మరిగే నీళ్ళు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న విద్యే అది. ఒక గిన్నె పొయ్యి మీద పడేసి, దాని దగ్గర ఎవర్నో కాపలా నిలబెట్టి, తను ఇంకో పని మీదకి పరుగెత్తడం ఆ తల్లీకూతుళ్ళిద్దరికీ అలవాటు. ఆ ఇంటికి ఎప్పుడెళ్ళినా నేనూ ఏదో ఒక గిన్నెకి కాపలా కాశాను.

సముద్రపు తొట్టి అంటే నీళ్ళలో ఉప్పు కలిపి చేపని వదలడమని జనం అనుకుంటారు. అలా వదిలితే మర్నాటికి చేప తేలుతుంది. చేప విసర్జించేదీ, తినకుండా వదిలిన మేతా కుళ్ళి అమ్మోనియా అవుతాయి. అది విషం. దాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళ సందుల్లో చేరి కాపురం పెట్టాలి. అవి దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు వచ్చి దాన్ని నైట్రేట్‌గా మారిస్తే అప్పుడు చేపకి ప్రాణభయం తప్పుతుంది. ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది. మనం చేయగలిగింది ఏమీ లేదు, ఓపిక పట్టి రోజూ నీళ్ళు పరీక్షించుకోవడమే. ఈ పని త్వరగా కావాలనే పాత తొట్టిలోని రాళ్ళు సగం కొత్త తొట్టిలో వేశాం, పాలకి తోడు వేసినట్టు. మిగతా సగం దొరగారితో పాటు వంటింటి వెనక వసారాలో పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉంచాం.

నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాను. ఇల్లంతా నేల తుడిచే మందు వాసన. తండ్రి మంచాన పడ్డాడని మా మేనకోడలు పిచ్చుకని వాళ్ళ అమ్మమ్మ దగ్గరకి పంపారు. అది లేని ఇల్లు ఇల్లులా లేదు.

ముందు గదిలో తొట్టి మెరిసిపోతోంది. అద్దం మీద ఒక్క మరక లేదు. మూడు గాజు గొట్టాల్లో నీళ్ళు పట్టి, చుక్కల మందు వేసి, ఊపి, రంగుల అట్ట పక్కన పెట్టి చూశాను. అన్నయ్య మంచాన పడకముందు చూసినప్పుడు మొదటి గొట్టం ముదురాకుపచ్చగా మారింది, అంటే అమ్మోనియా నిండుగా ఉంది. ఇవాళ రంగే లేదు. రెండో గొట్టంలో నైట్రైట్ కూడా లేదు. పరవాలేదే, దొరగారి గృహప్రవేశం దగ్గరకొచ్చిందని ఒక్క క్షణం సంబరపడ్డాను. అప్పుడు మూడో గొట్టం చూశాను. నైట్రేట్ కూడా లేదు.

అలా ఉండకూడదు. మొదటి రెండూ పోతే మూడోది కనిపించి తీరాలి. ఏదీ లేదంటే ఇవి కొత్తగా పోసిన నీళ్ళన్నమాట.

ఉప్పు కొలిచి చూశాను. అన్నయ్య చేతిలో ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. ఆవిరైపోయిన నీళ్ళ బదులు మంచినీళ్ళు పోయమని ఎన్నిసార్లు చెప్పినా ఉప్పునీళ్ళే పోస్తాడు. ఉప్పు ఆవిరి కాదు మహానుభావా అంటే నవ్వుతాడు. ఇవాళ ముల్లు సరిగ్గా గీత మీద నిలబడింది. ఆ ఇంట్లో కొలత తప్పని మనిషి ఒక్కరే ఉన్నారు.

లైటు వేసి రాళ్ళ వైపు వంగాను. ఊదా రంగు మచ్చలు, ఆకుపచ్చ నాచు, ఏవీ లేవు. సున్నం ముద్దల్లా తెల్లగా ఉన్నాయి. మూలనున్న పెద్దదాన్ని మేం బొత్తాల రాయి అంటాం. దాని నిండా గోధుమ రంగు జీవులు, చొక్కా బొత్తాలంత ఉండి, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వెలుతురు పడితే విచ్చుకుంటాయి, చీకటైతే ముడుచుకుంటాయి. ఒక్క బొత్తం మిగల్లేదు.

వెనక తలుపు చప్పుడైంది. వదిన. చెప్పులు పక్కపక్కన సరిగ్గా పెట్టి, చేతిలో సంచీ కుర్చీలో పెట్టి, నన్ను చూసింది.

"తాళంచెవి వెనక్కి తీసుకోమని మీ అన్నయ్యకి ఎన్నిసార్లు చెప్పానో."

"నీళ్ళు ఎవరు మార్చారు?"

"నేనే."

"ఎందుకు?"

"మురికిగా ఉన్నాయి."

"మురికి కంటికి కనిపించేదైతే నాకు ఉద్యోగమే ఉండేది కాదు వదినా. ఎన్నిసార్లు మార్చావు?"

"రోజూ."

ఆ మాట అబద్ధం కాదని ఆవిడ చేతులు చూస్తే తెలిసింది. వేళ్ళ కణుపులన్నీ ఉప్పుకి పగిలి ఉన్నాయి. ఆస్పత్రిలో డ్యూటీ, మంచం పక్కన కాపలా, మధ్యలో ఇంటికొచ్చి బకెట్లు మోయడం. అయినా నాకు జాలి వెయ్యలేదు. నిజం చెప్పాలంటే, ఒళ్ళు మండిపోయింది.

"నెల రోజుల కష్టం వదినా ఇది! దొరగారు ఆ టబ్బులో ఎన్నాళ్ళని బతుకుతాడు? నీ శుభ్రత తగలెయ్య!"

"నోరు అదుపులో పెట్టుకో. నా మొగుడు అక్కడ ఊపిరాడక కొట్టుకుంటుంటే నీకు చేప బెంగ పట్టుకుందా? అసలు నీ కంపు నీళ్ళ వల్లే ఆయనకి ఈ గతి. సముద్రంలో ఏ పురుగుందో ఏ క్రిమి ఉందో, తెచ్చి నా ముందు గదిలో పెట్టావు. నీకేం పోయింది? కాపురమా, పిల్లా? చేపలున్నాయి నీకు."

"చేపలే నయం. కోపమొస్తే గిన్నెలు ఎత్తి పడెయ్యవు."

వదిన మొహం కందిపోయింది. నాకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళ గిన్నెల చప్పుడుకి ఒక్క మాటతో బదులు చెప్పేశానని మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు.

"రాళ్ళకేం చేశావు?"

"శుభ్రం చేశాను."

"దేంతో? బ్లీచింగ్ వేశావా?"

"నాకేం తెలీదనుకున్నావా? బ్లీచింగ్ రాళ్ళలో ఇంకిపోతుంది, తరవాత నీ చేపకే ముప్పు. అది కూడా ఆలోచించాను నేను." ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఉడకబెట్టాను."

నాకు నవ్వొచ్చింది, ఏడుపు లాంటి నవ్వు. మా నాన్న చేతుల మీద పెరిగిన రాళ్ళు, మా అన్నయ్య పెళ్ళి కన్నా పాతవి, దుంపలు ఉడికించినట్టు ఉడికించేసింది. తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"వదినా. బొత్తాల రాయి కూడానా?"

"అన్నీ. అదే అన్నిటికన్నా ఎక్కువ కంపు కొట్టింది."

"ఎప్పుడు?"

"ఆదివారం మధ్యాహ్నం. ఏం?"

అన్నయ్యకి చలిజ్వరం మొదలైంది ఆదివారం సాయంత్రం. తొట్టి పక్కన నేల మీదే కూర్చుండిపోయాను.

"వంటింట్లో ఎవరున్నారు అప్పుడు?"

"ఏమిటే ఆ అడగడం?"

"చెప్పు వదినా! ఎవరున్నారు?"

"ఆయనే ఉన్నారు. అసలే జలుబుగా ఉందని కిటికీలన్నీ మూశాను. ఆ వాసనకి నేను నిలబడలేకపోయాను. మేడ మీద బట్టలు తేవాలి కూడా. కాస్త చూస్తూ ఉండండి, పొంగితే మంట తగ్గించండి అని ఆయన్ని నిలబెట్టి వెళ్ళాను. బట్టలు తెచ్చి మడతలు పెట్టి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నారు. గిన్నె మీదకి వంగి ఒక్కో రాయీ గరిటెతో తిప్పుతున్నారు. విరుగుతాయేమోనని."

ఆ చివరి మాట నన్ను కోసేసింది. ఆ రాళ్ళు ఎలాగూ చచ్చాయని ఆయనకి తెలుసు. అయినా విరగకుండా చూస్తున్నాడు.

"ఆ బొత్తాల ఒంట్లో విషం ఉంటుంది వదినా" అన్నాను. "చేతికి తొడుగు లేకుండా నేనే ముట్టుకోను. నీళ్ళలో వాటి మానాన వాటిని ఉండనిస్తే ఏమీ చెయ్యవు. ఉడకబెడితే ఆ విషం ఆవిరితో పాటు గాల్లోకి లేస్తుంది. పీల్చిన వాళ్ళకి జ్వరం, ఆయాసం, గుండెల్లో నొప్పి. నోట్లో ఇనుప రుచి."

వదిన తొట్టిలోని తెల్లటి రాళ్ళ వైపు చూసింది. "ఉడికితే చచ్చిపోవాలి కదా" అంది చిన్నగా.

"క్రిములు చస్తాయి. ఇది క్రిమి కాదు. ఎంత ఉడికించినా చావదు."

ఆవిడకి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది నాకు. అరిచి, నా మీద పడి, నన్ను గెంటేసి ఉంటే బాగుండేది. ఏమీ చెయ్యలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, సబ్బు రాసుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. మళ్ళీ సబ్బు రాసుకుంది. కుళాయి ధార కింద చేతులు అలాగే ఉంచి, నా వైపు తిరక్కుండా అడిగింది.

"నాకెప్పుడైనా చెప్పావా ఈ మాట?"

"అన్నయ్యకి చెప్పాను, తొడుగు లేకుండా ముట్టుకోవద్దని."

"నాకు చెప్పావా అని అడుగుతున్నాను."

"రాళ్ళు ఉడకబెట్టే వాళ్ళుంటారని ఎవరనుకుంటారు?"

"నా ఇల్లే ఇది. నా ముందు గదే. నాకు చెప్పావా?"

మా ఇద్దరి మధ్యా మాటలు పోయి చాలా కాలమైంది. ఏం కావాలన్నా అన్నయ్యతో చెప్పించుకోవడమే. ఉప్పు అందించమన్నా మధ్యలో ఆయనే.

"సరే, నేను చెప్పలేదు. నువ్వెందుకు చెప్పలేదు మరి?" మళ్ళీ నా నోరు లేచింది. "డాక్టరు అడిగారుగా మనందర్నీ నిలబెట్టి! పొగ ఏమైనా పీల్చారా, ఇంట్లో మందు ఏమైనా చల్లారా అని అడిగారుగా! అప్పుడు నీ నోటికేమైంది?"

"పొగ కాదుగా, నీళ్ళ ఆవిరి. రోజంతా ఆవిరి మధ్యే పనిచేస్తాను నేను. దాని వల్ల ఏమవుతుందనుకోవాలి?" కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది. "పైగా ఆయనే వద్దన్నారు. చెల్లికి తెలిస్తే ఇక ఈ గడప తొక్కదు, నువ్వూ అదీ జన్మలో మొహాలు చూసుకోరు అన్నారు. నీళ్ళు రోజూ మార్చెయ్, చచ్చినవి కుళ్ళినా గొట్టంలో రంగు తేలదు, దానికి అనుమానం రాదు అన్నారు. రాళ్ళు ఎందుకు తెల్లబడ్డాయంటే లైటు ఎక్కువైందని నేను చెబుతాలే అన్నారు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో కూర్చుని ఎగశ్వాసతో ఈ మాటలే చెప్పారు. అందుకే మార్చాను. రోజూ."

నా దగ్గర నేర్చుకున్న విద్య నా మీదే వాడాడు. మేమిద్దరం కొట్టుకోకూడదని ఆయన నోరు మూసుకున్నాడు, డాక్టరు ముందు కూడా. అన్నయ్య మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. నోరారా తిట్టడానికి ఆయన ఎదురుగా లేడు. ఆయనకేమైనా అయితే ఆ తిట్లన్నీ నేనూ, ఈవిడా జీవితాంతం ఒకరినొకరు తిట్టుకోవాల్సిందే.

"డాక్టరుకి ఫోన్ చెయ్" అన్నాను. "లేదా నన్ను చెయ్యమంటే నేను చేస్తాను. తెలియక నేనే ఉడకబెట్టానని చెబుతాను. నువ్వు పనిచేసే ఆస్పత్రి అది. రేపు అందరి మొహాలూ నువ్వే చూడాలి."

మంచితనంతో అన్నానో, ఆవిడ నాకు లోకువ కావాలని అన్నానో ఇప్పటికీ తెలీదు. వదిన నా మాట అసలు విన్నట్టే లేదు. చేతులు తుడుచుకుని ఫోన్ తీసి వార్డుకి కలిపింది.

"సార్, నేనే, ఆయన భార్యని. ఒక విషయం చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం నేను సముద్రపు రాళ్ళు ఉడకబెట్టాను. వాటి మీద విషమున్న జీవులు ఉన్నాయట. కిటికీలు మూసి ఉన్నాయి. ఆయన్ని దాని దగ్గర నిలబెట్టింది కూడా నేనే. ఆవిరి నేరుగా పీల్చారు." నా దగ్గర ఆ జీవుల పేరు అడిగి, అక్షరం అక్షరం పలికి రాయించింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఆపరేషన్ సామాన్లు లెక్క అప్పగించేటప్పుడు ఇలాగే మాట్లాడుతుంది కాబోలు. నేనిన్నాళ్ళూ గిన్నెలు విసిరే మనిషినే చూశాను, ఈవిడని చూడలేదు.

అటువైపు డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. వదిన ఊఁ కొడుతూ వింది.

"విరుగుడు మందంటూ ఏమీ లేదట. కానీ అనవసరమైన మందులు ఆపొచ్చు, గుండె మీద ఓ కన్నేసి ఉంచుతాం, ఇప్పుడైనా చెప్పారు అన్నారు" అని నాకు చెప్పి మళ్ళీ ఫోన్‌లోకి తిరిగింది. "ఏంటి సార్? లేదు, ఆ రోజు ఇంకెవరూ పీల్చలేదు. ఆ రాళ్ళు ఇంకానా?"

అక్కడ ఆగింది.

ఇంకా రాళ్ళున్నాయి. మిగతా సగం దొరగారి దగ్గర, ఏళ్ళుగా బొత్తాలు వాటి నిండా కూడా పాకాయి. వాటిని ఎవరూ ముట్టకుండా మూత పెట్టాలని నేను వసారాలోకి పరుగెత్తాను. టబ్బులో మోటారు బుడబుడమంటోంది. దొరగారు ఒక మూల హీటరుకి ఒళ్ళు ఆనించుకుని ఉన్నాడు. నన్ను చూసి పైకి రాలేదు. టబ్బు అడుగున తెల్లటి ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు.

"వదినా, ఇక్కడి రాళ్ళేవి?"

వెనక్కొచ్చి చూస్తే ఫోన్ చేతిలో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. డాక్టరు గొంతు హలో, హలో అంటూనే ఉంది.

"ఆయన ఇంటికొచ్చేసరికి ఎక్కడా క్రిమి అన్నది ఉండకూడదనుకున్నాను" అంది. "నాకు తీరిక దొరకలేదు. పొద్దున అమ్మకిచ్చి వచ్చాను. అమ్మ దగ్గర పెద్ద గిన్నె ఉంది. మధ్యాహ్నం పొయ్యి ఖాళీ అవగానే ఉడకబెట్టేస్తానంది."

మధ్యాహ్నం అయిపోవచ్చింది.

"పిచ్చుక అక్కడే ఉంది కదా" అన్నాను. అనక్కర్లేదు. ఆవిడ అప్పటికే డాక్టరు ఫోన్ కట్టేసి వాళ్ళమ్మ నంబరు నొక్కుతోంది. ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఎత్తారు. నాకూ వినిపించేలా ఫోన్ ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"అమ్మా!" అంది పిచ్చుక గొంతు, హుషారుగా. "నాన్న ఎప్పుడొస్తారు?"

"అమ్మమ్మని పిలువు! త్వరగా!"

"అమ్మమ్మ మేడ మీద బట్టలు తేవడానికెళ్ళింది. కంపు పక్కింటికి పోకూడదని కిటికీలు మూసింది. గిన్నె పొంగకుండా నన్ను చూస్తూ ఉండమంది. నేను బల్ల ఎక్కి గరిటెతో తిప్పుతున్నానమ్మా, నాన్న రాళ్ళు విరగకుండా."

"దిగు! అన్నీ వదిలేసి బయటికి పరుగెత్తు! పిచ్చుకా, వింటున్నావా? బయటికి పో!"

పిచ్చుక ఏదో చెప్పబోయింది. దగ్గు అడ్డం వచ్చింది.